వచ్చినవాళ్లు గెలవలేదు... గెలిచినవాళ్లు రాలేదు!

2023 మార్చి 13, సోమవారం. మామూలుగా సోమవారం పొద్దున్నే అంటే ఇంట్లో ఎంత హడావుడి! క్యారేజీలు, స్కూలు బస్సు, ఇస్త్రీ కాని చొక్కా, దొరకని సాక్సు... ఆరోజు మాత్రం చాలా తెలుగిళ్లలో టీవీ ముందు నుంచి ఎవరూ కదల్లేదు. ఎక్కడో లాస్‌ఏంజెలెస్‌లో ఆస్కార్ వేడుక. వేదిక మీద ఒకరు కవరు విప్పారు. 'నాటు నాటు' అన్నారు. అంతే... ఇక్కడ మనం ఎగిరి గంతేశాం. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కుతుంటే మన ఇంట్లో పెళ్లికి మనవాళ్లే పీటల మీద కూర్చున్నంత సంబరం.

ఆ సంబరంలో మనం గమనించని కుర్చీలు కొన్ని ఉన్నాయి. అదే బహుమతికి పోటీపడ్డ మరో నాలుగు పాటలవాళ్లవి. వాళ్లలో డయాన్ వారెన్ అనే గేయ రచయిత్రి ఉన్నారు. పదిసార్లకు పైగా ఆస్కార్ పోటీలో నిలిచి, ఒక్కసారి కూడా గెలవని మనిషి. 2022లో ఆవిడకి గౌరవ పురస్కారం ఇచ్చారు. పోటీలో మాత్రం ఆరోజు కూడా ఆమె పేరు పిలవలేదు.

పేరు పిలవకపోతే ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు. ఎనిమిదో తరగతిలో ఉండగా జిల్లా స్థాయి బృందగాన పోటీకి వెళ్లాం. ఐదుగురం. నెలరోజులు మధ్యాహ్నం అన్నాలు తిన్న వెంటనే సాధన. పాడి దిగాక చప్పట్లు ఆగలేదు. మా టీచరుగారు కూడా 'ఇక మనదే' అన్నారు. మైకులో 'మొదటి బహుమతి...' అనగానే మేం లేచాం. పూర్తిగా కాదు, సగం. అప్పుడు వేరే బడి పేరు వినిపించింది. సగం లేచినవాళ్లం అలాగే కూర్చోవాలా, పూర్తిగా లేచి గెలిచినవాళ్లకి చప్పట్లు కొడుతున్నట్టు నటించాలా? ఆ ఒక్క క్షణం ఇప్పటికీ గుర్తుంది. పాట చరణాలు మాత్రం గుర్తు లేవు!

ఇలాంటి క్షణమే ప్రపంచంలోకెల్లా పేరున్న ఓ సంగీత బృందానికి ఎదురైంది. అది కూడా కోట్లమంది చూసే గ్రామీ పురస్కారాల వేడుకలో. విచిత్రం ఏంటంటే ఆ రాత్రి అవమానం ఓడినవాళ్లకే కాదు, గెలిచినవాళ్లకీ మిగిలింది.

క్యాసెట్ల మీద ఎదిగిన బృందం

అది 1989 ఫిబ్రవరి 22. లాస్‌ఏంజెలెస్‌లోని ష్రైన్ ఆడిటోరియం. గ్రామీ అంటే తెలిసిందే కదా... అమెరికా సంగీత పరిశ్రమ తనవాళ్లకు తానిచ్చుకునే పురస్కారం. బంగారు రంగు గ్రామఫోను బొమ్మ. ఆ ఏడాది తొలిసారిగా 'హార్డ్ రాక్, మెటల్' అంటూ ఒక కొత్త విభాగం పెట్టారు. గిటార్లు గర్జించే, డ్రమ్ములు దద్దరిల్లే ఈ సంగీతాన్ని అంతకుముందు పెద్దమనుషులు సంగీతంగానే లెక్కలోకి తీసుకునేవారు కాదు. 'ఏవిటా గోల, సౌండు తగ్గించు' అని పిల్లల మీద కేకలేయడం మన ఇళ్లలోనే కాదు, అమెరికా ఇళ్లలోనూ ఉంది.

ఆ విభాగంలో ఐదు పేర్లు నామినేట్ అయ్యాయి. ఏసీడీసీ, ఇగ్గీ పాప్, జేన్స్ అడిక్షన్, జెత్రో టల్, మెటాలికా. అందరి కళ్లూ మెటాలికా మీదే.

మెటాలికా 1981లో పుట్టింది. అదే లాస్‌ఏంజెలెస్‌లో. మొదట్లో రేడియోలు వాళ్లను పట్టించుకోలేదు. మరి పేరెలా వచ్చిందంటారా? క్యాసెట్ల వల్ల. ఒకడు రికార్డు చేసుకున్న టేపును ఇంకొకడు కాపీ చేసుకోవడం, వాడు పక్క ఊరి స్నేహితుడికి పోస్టులో పంపడం... ఖాళీ క్యాసెట్ కొనుక్కుని, నచ్చిన పాటల చిట్టీ రాసి రికార్డింగ్ షాపువాడికి ఇచ్చొచ్చిన తరానికి ఈ సంగతి వివరించి చెప్పక్కర్లేదు.

పేరొస్తున్న రోజుల్లోనే పెద్ద దెబ్బ తగిలింది. 1986 సెప్టెంబరు 27 తెల్లవారుజామున స్వీడన్‌లో వాళ్లు ప్రయాణిస్తున్న బస్సు బోల్తాపడింది. బేస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లవాడు. ఒక మనిషి పోతే బృందం ఉంటుందా అనుకున్నారంతా. ఉంది. కొత్తగా జేసన్ న్యూస్టెడ్‌ను చేర్చుకుని 1988లో మరో ఆల్బం తెచ్చారు. ఆ ఆల్బమే గ్రామీ పోటీలో నిలిచింది.

అందులో 'వన్' అని ఒక పాట. యుద్ధంలో కాళ్లూ చేతులూ చూపూ వినికిడీ మాటా అన్నీ పోగొట్టుకుని, ఆసుపత్రి మంచం మీద ఆలోచన ఒక్కటే మిగిలిన సైనికుడి గోడు అది. 1939లో వెలువడిన డాల్టన్ ట్రంబో నవల ఒకటి దానికి ఆధారం. ఏడు నిమిషాలకు పైగా సాగుతుంది. నెమ్మదిగా మొదలై చివరికి మెషీన్‌గన్ పేలినట్టు ముగుస్తుంది. అప్పటిదాకా ఒక్క పాటకీ వీడియో తీయని మెటాలికా మొదటిసారి ఈ పాటకే తీసింది.

గ్రామీ వేదిక మీద ఆ పాటే పాడమన్నారు. టీవీ సమయం కోసం కాస్త కుదించారు. కోట్లూ గౌన్లూ వేసుకుని కూర్చున్న పెద్దల ముందు జులపాల జుట్టు కుర్రాళ్లు నలుగురు ఆ పాట వాయించారు. అలాంటి వేదిక మీద అలాంటి సంగీతం అప్పటికి కొత్త. పిలిచారు, పాడించారు... ఇక ఇవ్వకుండా ఎలా ఉంటారు అనుకున్నారంతా.

కవరు విప్పిన క్షణం

బహుమతి ప్రకటించడానికి అలిస్ కూపర్, లీటా ఫోర్డ్ వచ్చారు. ఇద్దరూ రాక్ సంగీతంలో పండినవాళ్లే. కవరు విప్పిన కూపర్ పేరు చదివాడు... 'జెత్రో టల్'.

మొదట నవ్వులు వినిపించాయి. హాస్యానికి అన్నాడేమో అనుకున్నారు చాలామంది. కాదని తెలిశాక అరుపులు మొదలయ్యాయి. గ్రామీ వేడుకలో గెలిచినవాళ్ల పేరు విని జనం గోల చేయడం!

సరే, ఆ గోల భరించడానికైనా జెత్రో టల్ అక్కడ ఉందా? లేదు. అసలు వాళ్లు వేడుకకే రాలేదు. 'మెటాలికా ఉండగా మీకెలాగూ రాదు, అంతదూరం ఎందుకు దండగ' అని సొంత మనుషులే చెప్పారు. దాంతో వాళ్లు ఇంగ్లండ్‌లోనే ఉండిపోయారు. గెలుస్తామని వెళ్లినవాళ్లు ఉత్తి చేతులతో మిగిలారు. రాదని ఇంట్లో కూర్చున్నవాళ్ల పేరు మారుమోగింది, అదీ అరుపుల మధ్య!

ఇంతకీ ఎవరీ జెత్రో టల్?

ఆ పేరుతో బృందంలో ఎవరూ లేరు. జెత్రో టల్ అనేవాడు పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిషు వ్యవసాయవేత్త. విత్తనాలు చేత్తో వెదజల్లకుండా, సాళ్లలో వరసగా పడేలా ఒక యంత్రం తయారుచేశాడు. అదేమంత గొప్ప అంటారేమో, మన రైతులు విత్తనం గొర్రును ఎప్పటినుంచో వాడుతూనే ఉన్నారు. ఇంగ్లండ్‌కి మాత్రం అది పెద్ద మార్పు. 1967లో మొదలైన బృందానికి ఈ గొర్రు పెద్దాయన పేరు పెట్టుకున్నారు.

బృందానికి నాయకుడు ఇయాన్ ఆండర్సన్. మొదట గిటార్ వాయించేవాడు. ఎరిక్ క్లాప్టన్ వాయిద్యం విన్నాక 'ఈయనంత గొప్పగా నేను ఎప్పటికీ వాయించలేను' అనుకున్నాడు. గిటార్ వదిలేసి వేణువు పట్టుకున్నాడు. రాక్ సంగీతంలో వేణువేంటి అని ఎవరూ అడగకముందే ఒంటికాలి మీద నిలబడి వాయించడం మొదలెట్టాడు. కృష్ణుడి బొమ్మలు చూసి పెరిగిన మనకి ఆ భంగిమ కొత్తగా అనిపించదు గానీ, వాళ్లకి అదో వింత. బృందానికి అదే గుర్తయిపోయింది.

1980ల మధ్యలో ఆండర్సన్‌కి గొంతు సమస్య వచ్చింది. పాడేవాడికి గొంతు పోతే ఇంకేముంది! కొంతకాలం అన్నీ ఆపేశాడు. తేరుకుని, దెబ్బతిన్న గొంతుకు సరిపోయే శ్రుతిలో పాటలు కట్టుకుని 1987లో తెచ్చిన ఆల్బమే 'క్రెస్ట్ ఆఫ్ ఎ నేవ్'. అందులో రహదారి కోసం పొలం పోగొట్టుకున్న రైతు గురించి కూడా ఒక పాట ఉంది. రింగురోడ్ల పక్క ఊళ్లవాళ్లు విని తీరాల్సిన పాట.

అంటే ఏమిటి? మెటాలికా ఒక మనిషిని పోగొట్టుకుని నిలబడ్డ బృందం. జెత్రో టల్ ఒక గొంతును పోగొట్టుకుని నిలబడ్డ బృందం. ఇద్దరూ కష్టపడ్డవాళ్లే. ఇద్దరి ఆల్బములూ మంచివే. ఒక్కటే తేడా... జెత్రో టల్‌ది హెవీ మెటల్ కాదు. ఆ మాట వినేవాళ్లందరికీ తెలుసు. ఆండర్సన్‌కీ తెలుసు. తెలియనిది ఓట్లు వేసినవాళ్లకే!

ఓటు ఎలా పడుతుంది?

గ్రామీ విజేతల్ని న్యాయనిర్ణేతలు నలుగురు గదిలో కూర్చుని తేల్చరు. రికార్డింగ్ అకాడమీ అనే సంస్థలో సభ్యులైన గాయకులు, వాద్యకారులు, నిర్మాతలు, ఇంజినీర్లు వేలమంది ఓట్లేస్తారు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది కదూ! కానీ ఒక్కసారి ఆలోచించండి. జాజ్ వాయించే పెద్దాయన ఒకరికి మెటల్ విభాగం కాగితం ఇచ్చారు. ఐదు పేర్లున్నాయి. నాలుగు ఎప్పుడూ విననివి. ఒకటి మాత్రం ఇరవై ఏళ్లుగా విన్నట్టే ఉంది. పెన్ను ఎటు వెళ్తుంది? సర్పంచి ఎన్నికల్లో ముఖం తెలిసినవాడికి ఓటేసినట్టు తెలిసిన పేరు పక్కన గుర్తు పెట్టేస్తారు. 1989లో జరిగింది అదేనని ఎక్కువమంది నమ్మకం.

పైగా హార్డ్ రాక్, మెటల్ అని రెంటినీ ఒకే గాటన కట్టారు. పప్పుచారునీ మిరియాల చారునీ 'చారు' అని ఒకే పోటీలో పెట్టినట్టు!

తప్పు అకాడమీకీ అర్థమైంది. మరుసటి ఏడాదే రెంటినీ విడదీశారు. 1990 ఫిబ్రవరిలో మెటల్ విభాగంలో పురస్కారం 'వన్' పాటకే దక్కింది. ఒక ఏడాది ఆలస్యంగా, అదే పాటకి. చాలా ఏళ్ల తర్వాత, 2021లో అకాడమీ మరో అడుగు వేసింది. అందరికీ వర్తించే ప్రధాన పురస్కారాలు కాకుండా ఒక్కో సభ్యుడు మూడు సంగీత రంగాల్లోపు పది విభాగాలకు మాత్రమే ఓటు వేయాలని పరిమితి పెట్టింది. తెలిసినవాటికే ఓటెయ్యండి మహాప్రభో అని చెప్పడానికి అంతకాలం పట్టింది.

అన్నట్టు 1990 వేడుకకి ఇంకో ప్రత్యేకత ఉంది. ఉత్తమ నూతన కళాకారులుగా 'మిల్లీ వనిల్లీ' అనే జంట ఎంపికైంది. పేరు పిలిచారు. చప్పట్లు కొట్టారు. ఆ ఏడాది నవంబరులో అసలు సంగతి బయటపడింది. వాళ్ల ఆల్బంలో పాడింది వాళ్లు కాదు, వేరేవాళ్లు! ఇచ్చిన గ్రామీని వెనక్కి తీసుకున్న సందర్భం అదొక్కటే. అర్హులకు ఆలస్యంగా వచ్చిందీ, అనర్హులకు తొందరగా వచ్చిందీ... రెండూ ఒకే వేడుకలో!

స్టిక్కరు కథ

మళ్లీ 1989కి వద్దాం. ఓడిపోయాక మెటాలికా ఏంచేసిందన్నదే ఈ కథలో నాకు నచ్చిన సంగతి.

కోర్టుకెళ్లలేదు. ఇకనుంచి గ్రామీ గడప తొక్కం అని శపథాలూ చేయలేదు. ఆ తర్వాత బజారులోకొచ్చిన తమ ఆల్బం ప్రతుల మీద ఒక స్టిక్కరు అంటించారు. ఆల్బముల మీద మామూలుగా ఏం రాస్తారు? 'గ్రామీ విజేత' అని కదా! వీళ్లు 'గ్రామీలో ఓడినవాళ్లు' అని రాసుకున్నారు. జనం నవ్వుకున్నారు. నవ్వుకుంటూ కొన్నారు.

జెత్రో టల్ వైపు వాళ్లూ తక్కువ తినలేదు. వాళ్ల రికార్డు కంపెనీ ఒక ప్రకటన వేసింది. ఇనప ఊచల మధ్య ఒక వేణువు బొమ్మ. వేణువు కూడా లోహమే, అదీ బరువైనదే అన్న అర్థంలో ఓ చమత్కారం. హెవీ అంటే బరువు, మెటల్ అంటే లోహం... కాబట్టి మాదీ హెవీ మెటలే అన్నమాట!

నిజానికి జెత్రో టల్ పరిస్థితే ఎక్కువ ఇబ్బంది. వాళ్లు అడగలేదు. ఆ విభాగంలో మమ్మల్ని పెట్టండి అని పోరలేదు. ఇరవై ఏళ్లకు పైగా పాడితే వచ్చిన ఒకే ఒక్క గ్రామీ అది. తర్వాతా మరొకటి రాలేదు. ఇంట్లో అల్మారాలో పెట్టుకుని మురిసిపోవాల్సిన వస్తువు కాస్తా, గ్రామీ పొరపాట్ల జాబితా ఎవరు రాసినా మొదట వచ్చే పేరయి కూర్చుంది. తగనిచోట ఇచ్చిన బహుమతి, తీసుకున్నవాడికి బరువే.

1992లో మెటాలికా మళ్లీ గెలిచింది. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ మైకు ముందుకొచ్చి, ఈ ఏడాది ఆల్బం తేనందుకు జెత్రో టల్‌కి కృతజ్ఞతలు అన్నాడు. హాలంతా నవ్వులు. ఆ చమత్కారం కూడా సొంతం కాదు. 1976లో పాల్ సైమన్ ఇలాగే, ఈసారి ఆల్బం చేయనందుకు స్టీవీ వండర్‌కి కృతజ్ఞతలు చెప్పాడు. అంతకుముందు వరసగా రెండేళ్లు ఉత్తమ ఆల్బం పురస్కారం వండర్‌దే మరి. అసలు తమాషా ఏంటంటే... 1991లో జెత్రో టల్ ఆల్బం తెచ్చింది కూడా! ఉల్రిక్ లెక్క తప్పింది. ఈసారి ఎవరూ గోల చేయలేదు.

వేణువు మళ్లీ మోగింది

ఆ కథకి ముప్ఫై అయిదేళ్ల తర్వాత ఓ కొసమెరుపు ఉంది. అది మనకి సంబంధించింది.

2024 ఫిబ్రవరి 4. అదే లాస్‌ఏంజెలెస్. మెటల్ విభాగంలో గెలిచింది ఎవరనుకున్నారు? మెటాలికానే. అది వాళ్ల పదో గ్రామీ. 1989 నాటి గోల వల్ల విడిగా ఏర్పడ్డ విభాగంలోనే!

అదే వేడుకలో అంతర్జాతీయ సంగీత విభాగంలో ఉత్తమ ఆల్బం పురస్కారం 'శక్తి' బృందానిది. 1970ల్లో గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్.శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్ కలిసి నడిపిన బృందం అది. 1977 తర్వాత స్టూడియో ఆల్బమే లేదు. నలభై ఆరేళ్లకు 2023లో 'దిస్ మూమెంట్' వచ్చింది. ఈసారి బృందంలో శంకర్ మహదేవన్, గణేష్ రాజగోపాలన్, సెల్వగణేష్ ఉన్నారు. సెల్వగణేష్ ఎవరో కాదు, విక్కు వినాయక్‌రామ్ కొడుకే. తండ్రి ఘటం వాయించిన బృందంలో కొడుకు కంజీర పట్టాడు. పురస్కారం అందుకున్న శంకర్ మహదేవన్ దాన్ని తన భార్యకి అంకితమిచ్చారు.

జాకిర్ హుస్సేన్‌కి ఆ ఒక్కరోజే మూడు గ్రామీలు వచ్చాయి. ఆ డిసెంబరు 15న ఆయన వెళ్లిపోయారు. ఇంకొక్క ఏడాది ఆలస్యమై ఉంటే? అందుకే పురస్కారం ఇచ్చేవాళ్లకి తీరిక ఎక్కువగా ఉండకూడదు.

మరో మాట. ఆ రోజు రెండు గ్రామీలు అందుకున్న ఇంకో భారతీయుడు రాకేశ్ చౌరాసియా. పండిట్ హరిప్రసాద్ చౌరాసియా వారసుడే కాదు, స్వయంగా గొప్ప విద్వాంసుడు. ఆయన వాయిద్యం ఏమిటో తెలుసు కదా... వేణువు! 1989లో వేణువుకి గ్రామీ ఇస్తే జనం అరిచారు. 2024లో వేణువుకిస్తే చప్పట్లు కొట్టారు. రెండుసార్లూ వేణువు తప్పేమీ లేదు. మొదటిసారి దాన్ని తప్పు వరసలో నిలబెట్టారు, రెండోసారి సరైన చోట కూర్చోబెట్టారు.

మన ఇళ్లలో

ఇది పరీక్షల, వార్షికోత్సవాల కాలమైనా కాకపోయినా పిల్లలున్న ప్రతి ఇంట్లో ఏదో ఒకరోజు ఈ క్షణం వస్తుంది. నాట్యం పోటీ, వ్యాసరచన, సూపర్ సింగర్ ఎంపికలు, ఆఫీసులో 'బెస్ట్ ఎంప్లాయీ'... పేరు పిలుస్తారనుకుని సగం లేస్తాం. పిలవరు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో ఎవరూ మాట్లాడరు.

అప్పుడు 'పోన్లే, వచ్చేసారి వస్తుందిలే' అనడం తేలిక. వచ్చేసారీ రాకపోవచ్చు. 'జడ్జీలు మోసం చేశారు' అనడం ఇంకా తేలిక. మోసం కాకపోవచ్చు, ఉత్తి తెలియనితనం కావచ్చు. ఇంకో పని కూడా మనం తరచూ చేస్తుంటాం... గెలిచిన పిల్లను తిడతాం. ఆ పిల్ల చేసిన నేరమేమిటి? ఆ రోజు ఇంగ్లండ్‌లో తన పని తాను చేసుకుంటున్న ఆండర్సన్ చేసిన నేరమేమిటో అదే!

ఓడిన బిడ్డను ఆ పాట ఇంట్లో ఇంకోసారి పాడమని అడగండి. అడిగి, పూర్తిగా వినండి. మెటాలికా 1989లో ఓడాక ఆ పాటను ఆపేసి ఉంటే 1990లో గెలిచేది కాదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఊరూరా లక్షలమంది ముందు వాయించేదీ కాదు. 2011 అక్టోబరులో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లు మొదటిసారి మన దేశంలో వాయించినప్పుడు రాత్రి బస్సెక్కి వెళ్లిన కుర్రాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఒక్కడు కూడా గ్రామీ లెక్క అడగలేదు. 'వన్' వాయించారా లేదా అన్నదే అడిగారు.

మా బృందగానం ఐదుగురం ఇప్పుడు ఐదు ఊళ్లలో ఉన్నాం. ఒకామె బ్యాంకులో, ఒకాయన దుబాయ్‌లో. ఓ వాట్సాప్ గ్రూపు ఉంది. ఈ కథ చెప్పాక దాని పేరు మార్చాం. ఏమనో ఊహించగలరా?

'జిల్లా స్థాయిలో ఓడినవాళ్లు'!